తిరుపతిలో ఎంబీఏ మాక్ ఇంటర్వ్యూ: మేడం కోసం పోండి, పుస్తకం కోసం కాదు

బాలాజీ కాలనీ దగ్గర బిజినెస్ స్కూల్ ఇంటర్వ్యూలకి మాక్స్, అంటే ప్రాక్టీస్ కోసం ఉత్తుత్తి ఇంటర్వ్యూలు, చేయించే చిన్న సెంటర్ ఒకటుంది, కింద జిరాక్స్ షాపు, మెట్లెక్కి పైకి పోవాల. పేరు రాయట్లేదు, ఎందుకంటే పొగడ్తలతో పాటు తిట్లు కూడా ఉన్నాయి.

ముందు తిట్లే. చేరగానే స్పైరల్ బైండింగ్ పుస్తకం ఒకటి చేతిలో పెడతారు, దాంట్లో పర్సనల్ గ్రోత్ గోల్స్ ఏంటి అని అడిగితే ఏం చెప్పాలో రెడీగా రాసుంటుంది, మంచి లీడర్ అవ్వాల, కంఫర్ట్ జోన్ దాటాల, కమ్యూనికేషన్ పెంచుకోవాల, అందరికీ అవే. బ్యాచంతా పోయి అదే అప్పజెప్తే ప్యానెల్ వాళ్ళు ఏమనుకుంటారో ఆలోచించరా అసలు? గ్రూప్ డిస్కషన్ కూడా దండగ, గొంతు పెద్దగా ఉన్నోళ్ళదే రాజ్యం.

కానీ వన్ టు వన్ మాక్ తీసుకునే మేడం ఉన్నారే, ఆమె వేరే లెవెల్ అబ్బా. నేను కరకంబాడి వైపు ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీలో చేస్తా. లీడర్‌షిప్ పెంచుకోవాలి మేడం అన్నా. ఆమె అది పట్టించుకోకుండా, ఫ్యాక్టరీలో ఏ పని చెయ్యాలంటే నీకు కడుపులో తిప్పుతుందో చెప్పు అన్నారు. నసిగి నసిగి చివరికి బయటికొచ్చింది ఏందంటే, మా లైన్‌లో 20 ఏళ్ళ సర్వీసున్న ఆపరేటర్ అన్న గేజ్ (కొలిచే పరికరం) పెట్టకుండా చెయ్యి వాటంతో ఓకే చేసేస్తా ఉంటాడు, ఆయనకి చెప్పలేక నేనే వెనకాల మళ్ళీ కొలుచుకుంటా ఉంటా. మన వైపు పెద్దోళ్ళని పట్టుకుని నువ్వు చేసేది తప్పన్నా అనడం అంత ఈజీనా చెప్పండి. "అదబ్బాయ్ నీ గ్రోత్ గోల్, పుస్తకం మూసెయ్" అన్నారు.

అక్కడితో వదల్లేదు. దాని గురించి ఇప్పటిదాకా ఏం చేసినావు, ఏం చెయ్యకుండా కాలేజీ వాళ్ళొచ్చి మారుస్తారా అని ఒకటే వాయింపు. ఇంకోటి బాగా చెప్పినారు, ప్లాంట్ హెడ్ అవుతా అనేది కెరీర్ గోల్, ఆ కుర్చీలో కూర్చోవాలంటే నీలో ఏం మారాలనేది గ్రోత్ గోల్, రెంటికీ ముడి పడాల, లేకపోతే ఎదురు ప్రశ్న ఒక్కటి పడినా దొరికిపోతావు అని. అలాగే పర్ఫెక్షనిస్ట్ అనే మాట నోట్లోంచి వస్తే మార్కులు కట్.

మా కాలేజే ఎందుకు అని ప్యానెల్ వాళ్ళు అడిగేదానికి నేను వైజాగ్ ఐఐఎం గురించి, 2015లో మొదలైంది, గంభీరంలో క్యాంపస్ ఉంది అని మొదలుపెడితే, "అది వాళ్ళకి తెలీదా?" అన్నారు. కేస్ డిస్కషన్‌లో, అంటే ఒక కంపెనీ సమస్య తీసుకుని క్లాసంతా చర్చించేటప్పుడు, నీకంటే అనుభవమున్నోడు తప్పు చెప్తే అందరి ముందరా కాదనాల్సి వస్తుంది, నీకు కావాల్సిన ప్రాక్టీస్ అదే కదా, అది చెప్పు అన్నారు. నాకు నిజంగా తట్టలేదు ఆ ముక్క.

ఇంగ్లీష్‌లో ఆగిపోతే తెలుగులో మొత్తం చెప్పమంటారు, తర్వాత దాన్నే చిన్న చిన్న ఇంగ్లీష్ వాక్యాల్లో పెట్టిస్తారు. డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివినోళ్ళకి ఇదొక్కదానికే డబ్బులివ్వచ్చు. అయితే ఐఎస్‌బీకి (హైదరాబాద్‌లో ఉండే బిజినెస్ స్కూల్) అప్లై చేసేవాళ్ళు అప్లికేషన్ ఎస్సేలు ఇక్కడ దిద్దించుకోవద్దు, అవి వేరే సార్ చూస్తారు, కామాలు తప్ప ఇంకేం సరిచెయ్యరు.

ఫుల్ ప్యాకేజీ అంటగట్టాలని చూస్తారు, వద్దని మాక్స్ మటుకే తీసుకోండి, మేడమే ఉంటారా అని ఫోన్లో ముందే గట్టిగా అడగండి. వీడియో రికార్డింగ్ అడిగితేనే ఇస్తారు, అది కూడా పెన్‌డ్రైవ్ మనమే తీసుకుపోవాల. బండి పెట్టుకోడానికి జాగా లేదు, సాయంత్రం పూట అయితే ఆటోలోనే పోండి.