జాగ్రత్త: ‘ఇంకోనెల్ 600’ అని చెప్పి 304 స్టీలు అంటగడుతున్నారు

బొబ్బిలి గ్రోత్ సెంటర్, రాజాం, రణస్థలం, పైడిభీమవరం వైపు ఫర్నేసులు, డ్రయ్యర్లు, ఫాబ్రికేషన్ పనులు నడుపుకునే మిత్రులందరూ దయచేసి ఇది పూర్తిగా చదవండి. ‘ఇంకోనెల్ 600’ (బాగా వేడికి తట్టుకునే, నికెల్ ఎక్కువున్న ఖరీదైన లోహం) అని బిల్లులో రాసి, టెస్ట్ సర్టిఫికెట్ కూడా జతచేసి, మాకు మామూలు 304 స్టెయిన్‌లెస్ స్టీలు పంపారు. ల్యాబ్ రిపోర్టు వచ్చాకే రాస్తున్నాను. లీగల్ నోటీసు నడుస్తోంది కాబట్టి అమ్మినవాళ్ల పేరు ఇక్కడ పెట్టడం లేదు. ఎవరైనా ఇలా చేయవచ్చు కాబట్టి, పేరుకన్నా వాళ్ల పద్ధతి తెలుసుకోవడమే మీకు ముఖ్యం.

మాది చిన్న హీట్ ట్రీట్‌మెంట్ షాపు. జూట్ మిల్లుల గేర్లు, పిన్నులు, షాఫ్టులు ఎక్కువగా వస్తాయి. పిట్ ఫర్నేసులో 920, 930 డిగ్రీల దగ్గర కార్బరైజింగ్ చేస్తాం, అంటే గేర్ల పైపొర గట్టిపడేందుకు వాటిలోకి కార్బన్ ఎక్కిస్తాం. తర్వాత ఎర్రగా కాలుతున్న బాస్కెట్‌ను హోయిస్టుతో పైకి లేపి, పక్కనున్న నూనె ట్యాంకులోకి దించుతాం. ఆ కొద్ది క్షణాలూ బరువంతా బాస్కెట్ లగ్గుల (హుక్కు తగిలించే చెవుల) మీదే ఉంటుంది, కింద మా కుర్రాళ్లు ఉంటారు. అందుకే డబ్బు ఎక్కువైనా బాస్కెట్‌కు, లగ్గులకు నికెల్ అల్లాయ్ ప్లేటు తెప్పించాం.

కొన్ని వారాలకే ప్లేటు మీద పొట్టు పొట్టుగా నల్లటి పెచ్చులు ఊడటం మొదలైంది. బాస్కెట్ అడుగు కిందికి జారింది. తర్వాత ఒక ఛార్జ్ ఎత్తుతుండగా ఫర్నేసు మూతి దగ్గరే ఒక లగ్గు చిరిగిపోయింది. బాస్కెట్ ఒరిగి గేర్లన్నీ మళ్లీ లోపలికే పడ్డాయి. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. అదే నూనె ట్యాంకు మీదికి వచ్చాక జరిగి ఉంటే నూనె చిమ్మి మంట లేచేది. డబ్బు పోయిన బాధ కంటే ఆ ఆలోచనే నన్ను ఎక్కువ కుదిపేసింది.

విరిగిన ముక్కను విశాఖలో ల్యాబ్‌కు పంపితే నికెల్ 8 శాతం, క్రోమియం 18 శాతం వచ్చింది. ఇంకోనెల్ 600 అంటే నికెల్ కనీసం 72 శాతం, క్రోమియం 14 నుంచి 17, ఇనుము 6 నుంచి 10 శాతం ఉండాలి. అంటే మాకు వచ్చింది దాని దరిదాపుల్లో కూడా లేదు. ఫోన్ చేస్తే అమ్మినాయన ఒకటే మాట: "మాగ్నెట్ పెట్టి చూసుకోండి సార్, అంటుకోదు కదా!"

అసలు మోసమంతా ఈ మాటలోనే ఉంది. ఇంకోనెల్ 600కి మాగ్నెట్ అంటుకోదు, నిజమే. 304కీ అంటుకోదు, 310 అనే ఇంకో స్టెయిన్‌లెస్ స్టీలుకీ అంటుకోదు. ఫాబ్రికేషన్‌లో వంచినచోట, కోసినచోట 304 కొద్దిగా లాగవచ్చు, అంతే. కాబట్టి మాగ్నెట్ అంటుకోకపోవడం నికెల్ అల్లాయ్ అనడానికి రుజువు కానే కాదు. ఈ పరీక్ష చూపించి ఎవరైనా తొందరపెడితే అక్కడే ఆగండి.

మాకు వచ్చిన కాగితాలు మళ్లీ తిరగేస్తే అన్నీ ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. సర్టిఫికెట్ జిరాక్సు కాపీ. అందులో ఉన్న హీట్ నంబరు (లోహం ఏ కరిగింపు నుంచి వచ్చిందో చెప్పే నంబరు) ప్లేటు మీద ఎక్కడా లేదు, ఉండాల్సిన చోట గ్రైండర్‌తో చెక్కేసిన గుర్తులు ఉన్నాయి. బిల్లులో వివరణ ఇంకోనెల్ అనే ఉంది, కానీ హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (జీఎస్‌టీ కోసం సరుకు రకాన్ని చెప్పే అంకెలు) 7219. అది స్టెయిన్‌లెస్ స్టీలు షీట్లది. నికెల్ సరుకు 75వ అధ్యాయంలోకి వస్తుంది: కడ్డీలు, వైరు 7505, ప్లేట్లు, షీట్లు 7506, పైపులు 7507. ఆయన జీఎస్‌టీ లెక్కల్లో మాత్రం నిజమే రాసుకున్నాడన్నమాట. మీ దగ్గరున్న పాత బిల్లులు కూడా ఒకసారి తీసి ఈ నాలుగు అంకెలు చూడండి. కోడ్ సరిగా ఉన్నంత మాత్రాన సరుకు అసలుదని కాదు, తేడాగా ఉంటే మాత్రం గట్టిగా అడగాల్సిందే.

తేడా ఎందుకంత ముఖ్యమో కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్ల కోసం చెబుతాను. వేడికి తట్టుకునే ఇలాంటి నికెల్-క్రోమియం అల్లాయ్‌ని పైన ఏర్పడే సన్నని క్రోమియం ఆక్సైడ్ పొర కాపాడుతుంది. 304లో కూడా ఆ పొర ఉంటుంది. కానీ కాగుతూ చల్లారుతూ ఉండే పనిలో సుమారు 870 డిగ్రీలు దాటితే ఆ పొర పగిలి పెచ్చులుగా రాలిపోతుంది. లోహం వేడికి ఎక్కువగా సాగి ముడుచుకుంటుంది, పొర అంతగా సాగదు, అదీ కారణం. నికెల్ ఎక్కువున్న అల్లాయ్ వేడికి తక్కువ సాగుతుంది కాబట్టి పొర నిలుస్తుంది. ఇంకోనెల్ 600 గాలిలో 1,090 డిగ్రీల దాకా పెచ్చులు రాలకుండా తట్టుకోవడానికి ఇది ముఖ్యమైన కారణం.

కార్బరైజింగ్ ఫర్నేసులో ఇంకో శత్రువు కార్బన్. గేరులోకి ఎక్కాల్సిన కార్బన్ బాస్కెట్‌లోకి కూడా ఎక్కుతుంది. లోపల క్రోమియాన్ని పట్టుకుని కార్బైడ్లు కడుతుంది, లోహం పెళుసవుతుంది. నికెల్‌లో కార్బన్ కరగడం చాలా తక్కువ, అందుకే 70 శాతం పైన నికెల్ ఉన్న లోహం ఇక్కడ ఎక్కువ కాలం నిలబడుతుంది. మూడోది క్రీప్. ఎర్రటి వేడిలో బరువు మోస్తున్న లోహం, లక్క మెత్తబడినట్టు, కంటికి తెలియకుండా నెమ్మదిగా సాగుతూ పోతుంది. మా బాస్కెట్ అడుగు జారింది అందుకే.

పెద్ద ల్యాబ్ దాకా వెళ్లకముందే షాపులో చేసుకోగల పరీక్ష ఒకటుంది, సాంద్రత. ఇంకోనెల్ 600 సాంద్రత ఘన సెంటీమీటరుకు 8.47 గ్రాములు. 304, 310 రెండూ ఇంచుమించు 7.9 నుంచి 8 మధ్య ఉంటాయి. ఒక ముక్కను గ్రాముల కచ్చితత్వం ఉన్న కాటా మీద తూచండి, తర్వాత సన్నని దారంతో వేలాడదీసి పూర్తిగా నీళ్లలో ముంచి మళ్లీ తూచండి. కిలో ముక్క అయితే ఇంకోనెల్ 600కి బరువు సుమారు 118 గ్రాములు తగ్గుతుంది, 304కి 125 లేదా 126 తగ్గుతుంది. బుడగలు అంటుకోకుండా చూసుకోవాలి, ముక్క మరీ చిన్నది కాకూడదు. గ్రైండింగ్ రాయి మీద పెట్టినా కొంత తెలుస్తుంది: నికెల్ అల్లాయ్ నిప్పురవ్వలు పొట్టిగా, ముదురు నారింజ రంగులో, కొద్దిగానే వస్తాయి, 304వి పొడవుగా, మెరుపుగా వస్తాయి. అయితే ఇవి ముందుగా అనుమానం ఉందో లేదో చూసుకోవడానికే. ఇంకోలాయ్ 800 అనే ఇంకో నికెల్ అల్లాయ్ సాంద్రత 7.94 కాబట్టి దాన్ని 304 నుంచి వేరుచేయడానికి నీళ్ల పరీక్ష పనికిరాదు. చివరి మాట ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్‌తో (ఎక్స్-రేలతో లోహం కూర్పు చూపే చేతి పరికరం) చేసే పీఎంఐ పరీక్షదే, అంటే లోహం ఏదో నిర్ధారించే పరీక్షదే. అది నికెల్, క్రోమియం శాతాలు నిమిషంలో చూపిస్తుంది. కార్బన్ చూపించదు, 800కీ దాని రకమైన 800హెచ్‌కీ కూర్పులో తేడా ముఖ్యంగా కార్బన్‌లో ఉంది కాబట్టి ఆ సరుకు కొనేవాళ్లు కార్బన్ కూడా చూపే స్పెక్ట్రో పరీక్ష అడగాలి.

ఆర్డరులో ‘ఇంకోనెల్’ అని మాత్రమే రాయకండి, అది ఒక బ్రాండు పేరు. అదే కూర్పును వేరే కంపెనీలు వేరే పేర్లతో చేస్తాయి. మన హైదరాబాద్‌లోని ప్రభుత్వ లోహ సంస్థ మిధాని దీన్నే సూపర్‌ని 600 అంటుంది. కాబట్టి బ్రాండుతో సంబంధం లేని ప్రామాణిక నంబర్లు రాయండి: లోహానికి యూఎన్ఎస్ ఎన్06600 అని, ప్లేటు అయితే ఏఎస్‌టీఎం బి168 అని. 3.1 రకం మిల్లు సర్టిఫికెట్ (తయారీదారు తన పరీక్ష ఫలితాలతో ఇచ్చేది), ప్లేటు మీద చెక్కు చెదరని హీట్ నంబరు, పీఎంఐ అయ్యాకే పూర్తి డబ్బు అనే షరతులు కూడా పెట్టండి. నిజమైన డీలరు వీటికి అభ్యంతరం చెప్పడు.

హీటర్ కాయిల్స్ కొనేవాళ్లకు ఒక మాట. 80/20 నిక్రోమ్ (80 శాతం నికెల్, 20 శాతం క్రోమియం ఉన్న వైరు) అని చెప్పి ఇనుము-క్రోమియం-అల్యూమినియం వైరు ఇస్తుంటారు. ఇక్కడ మాత్రం మాగ్నెట్ పనికొస్తుంది: 80/20 నిక్రోమ్‌కు అంటుకోదు, రెండోదానికి గట్టిగా అంటుకుంటుంది. ఆ రెండోది చెడ్డ వైరు కాదు, నిక్రోమ్ కంటే ఎక్కువ వేడికే తట్టుకుంటుంది. కానీ ఒకసారి కాలాక పెళుసవుతుంది. రెసిస్టెన్సు కూడా ఎక్కువ కాబట్టి అదే గేజు, అదే పొడవు చుడితే కరెంటు తక్కువ లాగి ఫర్నేసు వేడెక్కదు.

పలాస వైపు జీడిపప్పు డ్రయ్యర్లు పెట్టుకున్నవాళ్లకు కొందరు ఇంకోలాయ్ హీటర్లు అంటగట్టాలని చూస్తున్నారని విన్నాను. పప్పు ఆరబెట్టే గాలి వంద డిగ్రీలు కూడా దాటదు. అక్కడ మామూలు స్టెయిన్‌లెస్ హీటర్ చాలు, ఆ డబ్బు మిగుల్చుకోండి.

చట్టం సంగతి. వస్తువుల విక్రయ చట్టం, 1930లోని 15వ సెక్షన్ ప్రకారం చెప్పిన వివరణకు సరుకు సరిపోయి తీరాలి. కానీ 42వ సెక్షన్ ప్రకారం వద్దని చెప్పకుండా తగిన సమయం దాటి ఉంచుకుంటే ఒప్పుకున్నట్టే లెక్క. అందుకే సరుకు దిగిన వెంటనే, కోయకముందే పరీక్ష చేయించండి. సొంత జీవనోపాధి కోసం స్వయంగా పనిచేసుకునే చిన్నవాళ్లకు 2019 వినియోగదారుల చట్టం కూడా వర్తించే అవకాశం ఉంది, 1915కి ఫోన్ చేసి అడగవచ్చు. ఒక ముక్క కోసి, తేదీ రాసి, ఇద్దరి సంతకాలతో దాచిపెట్టండి. మా నోటీసుకు ఇప్పుడు బలం ఆ ముక్కే.

ఈమధ్య ఆన్‌లైన్ లిస్టింగ్ చూసి, ఫోన్ మీద మాట్లాడుకుని, గ్రైండర్ గుర్తులున్న ‘ఇంకోనెల్’ ప్లేటు తెప్పించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, దానితో చేసిన బాస్కెట్‌ను గానీ హుక్కును గానీ పరీక్ష అయ్యేదాకా వాడకండి. కనీసం కింద మనుషులను నిలబెట్టకండి. బిల్లు ఫొటో పంపితే కోడ్, హీట్ నంబరు నేను చూసి చెబుతాను.