రోజూ కారు నడిపేవారికి ఏ నావిగేషన్ యాప్? అత్తాపూర్–గచ్చిబౌలి దారిలో దీర్ఘకాలం వాడి చూశాక

నావిగేషన్ యాప్ గురించి ఎవరిని అడిగినా, తెలియని ఊళ్ళో దారి తప్పకుండా చేరుస్తుందా లేదా అన్నదాని మీదే మాట నడుస్తుంది. రోజూ ఒకే ఆఫీసుకు, ఒకే బడికి, ఒకే మార్కెట్టుకు కారు తీసేవారికి దారి ముందే తెలుసు కాబట్టి ఆ కొలత వారికి సరిపోదు. వారికి యాప్‌తో అసలు పని పడేది రెండు సందర్భాల్లో. ఇవాళ ఏ దారిలో బండ్లు కదులుతున్నాయో ఇల్లు దాటకముందే తెలియాలి. ఫ్లైఓవర్ ఎక్కాలో కిందనే ఉండాలో రోడ్డు చీలకముందే చెవిన పడాలి. నేను కొన్నేళ్ళుగా అత్తాపూర్ నుంచి గచ్చిబౌలికి కారులో వెళ్ళి వస్తున్నాను. ఈ కాలంలో గూగుల్ మ్యాప్స్, మ్యాపుల్స్, ఆర్గానిక్ మ్యాప్స్ మూడింటినీ నెలల తరబడి మార్చి మార్చి వాడాను, వేజ్‌ను కొంతకాలం చూశాను. ఆండ్రాయిడ్ ఫోన్‌లో, ఎక్కువగా హైదరాబాద్ రోడ్ల మీద వాడినదాన్ని బట్టి రాస్తున్న అభిప్రాయమిది.

నాకు ఆఫీసుకు వెళ్ళడానికి రెండు దారులున్నాయి. మెహదీపట్నం, టోలిచౌకి మీదుగా షేక్‌పేట ఫ్లైఓవర్ ఎక్కి రాయదుర్గం వైపు దిగడం ఒకటి. రాజేంద్రనగర్ దగ్గర అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కి గచ్చిబౌలి దగ్గర దిగడం రెండోది. ఇది చుట్టు తిరుగుడు, పైగా టోల్ కట్టాలి, కానీ సిగ్నళ్ళ బెడద ఉండదు. పొద్దున తొమ్మిదింటికి ఈ రెండింటిలో ఏది మంచిదన్నది రోజురోజుకూ మారుతుంది. ఈ ఒక్క నిర్ణయానికి గూగుల్ మ్యాప్స్‌ను మించినది నాకు దొరకలేదు. రెండు దారులనూ సమయంతో సహా పక్కపక్కనే చూపిస్తుంది, టోల్ అంచనాను కూడా 2022 నుంచి ఇస్తోంది. బయల్దేరే సమయాన్ని ముందుగా పెట్టి చూసుకునే వీలును చాలామంది వాడరు గానీ, రాత్రే మర్నాటి ప్రయాణానికి ఇంత నుంచి ఇంత సమయం పట్టవచ్చని తెలిస్తే పిల్లలను ఎప్పుడు లేపాలో కూడా ఇంట్లో తేలిపోతుంది.

ఈ అంచనా బాగుండటానికి కారణం తెలుసుకుంటే దాని హద్దు కూడా తెలుస్తుంది. రోడ్డు మీద ఉన్న ఫోన్ల వేగాన్ని బట్టే మ్యాపులో ఎరుపు, ఆకుపచ్చ గీతలు పడతాయి, కాబట్టి ఎక్కువమంది వాడే యాప్‌కే రద్దీ బాగా తెలుస్తుంది. 2020లో బెర్లిన్‌లో ఒక కళాకారుడు 99 ఫోన్లను చిన్న బండిలో వేసుకుని ఖాళీ వీధుల్లో లాక్కుంటూ నడిస్తే, గూగుల్ మ్యాప్స్‌లో ఆ వీధులు ఎర్రగా మారాయి. మన వానాకాలంలో దీనికి సరిగ్గా వ్యతిరేకమైన పరిస్థితి వస్తుంది. హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తినప్పుడు రాజేంద్రనగర్ దగ్గర అవుటర్ సర్వీసు రోడ్డు మీదికి నీళ్ళొచ్చి, పోలీసులు దాన్ని మూసేసిన సందర్భాలున్నాయి. బండ్లు తక్కువై ఖాళీగా ఉన్న రోడ్డుకూ, మూసేసినందువల్ల ఖాళీ అయిన రోడ్డుకూ తేడా ఫోన్ల కదలిక ఒక్కదానితో వెంటనే అంతుపట్టదు. పోలీసులో, వాహనదారులో ఆ విషయాన్ని యాప్‌కు చేరవేయాలి. అందుకే గట్టి వాన కురిసిన రోజున ట్రాఫిక్ పోలీసుల ఎక్స్ ఖాతా చూడకుండా నేను కారు తీయను. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర, వరదకు ఒక భాగం కొట్టుకుపోయిన వంతెన మీద నుంచి కారు కిందపడి ముగ్గురు చనిపోయారు. వారు నావిగేషన్ చూపిన దారినే వెళ్ళారని అప్పట్లో వార్తలు వచ్చాయి. రాత్రిపూట, అలవాటు లేని రోడ్డు మీద, ముందు వెళ్ళే బండి ఒక్కటీ కనిపించకపోతే వేగం తగ్గించడం ఏ యాప్ వాడేవారికైనా అవసరం.

ఇక ఫ్లైఓవర్ల సంగతి. హైదరాబాద్‌లో నావిగేషన్ యాప్‌కు అసలు పరీక్ష ఇక్కడే ఉంది. షేక్‌పేట ఫ్లైఓవర్ 2022 జనవరి 1న మొదలైంది, పొడవు 2.8 కిలోమీటర్లు. టోలిచౌకి వైపు నుంచి దాని మీదికి ఎక్కితే ఫిల్మ్‌నగర్, ఓయూ కాలనీ మలుపులన్నీ కిందనే ఉండిపోతాయి. ఫిల్మ్‌నగర్ వెళ్ళవలసినవారు పొరపాటున ఎక్కితే రాయదుర్గం వైపు దిగి, యూటర్న్ వెతుక్కుని వెనక్కి రావాలి. పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 11 కిలోమీటర్లకు పైగా ఉంటుంది కాబట్టి అక్కడ తేడా జరిగితే నష్టం ఇంకా ఎక్కువ. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే కారు సెకనుకు 11 మీటర్లు దాటుతుంది. ర్యాంపుకు 200 మీటర్ల ముందు యాప్ నోరు విప్పితే మనకు మిగిలేది 18 సెకన్లు. ఎడమన ఆటో, వెనక సిటీ బస్సు ఉన్నప్పుడు ఆ వ్యవధిలో లేన్ మారడం క్షేమం కాదు. అర కిలోమీటరు ముందు ఒకసారి, ర్యాంపు దగ్గరపడ్డాక మరోసారి చెప్పే యాపే నాకు పనికొచ్చే యాప్.

చెప్పడంలో ఆలస్యం ఒక లోపమైతే, ఎక్కామా లేదా అన్నది యాప్‌కే తెలియకపోవడం ఇంకో లోపం. ఉపగ్రహాల సంకేతాలతో ఫోన్ తన స్థానాన్ని కొన్ని మీటర్ల తేడాతో పట్టుకుంటుంది గానీ, ఎత్తు లెక్కలో తప్పు అంతకంటే ఎక్కువగా ఉంటుంది. ఫ్లైఓవర్ పైన ఉన్న కారుకూ, సరిగ్గా దాని కింద ఉన్న కారుకూ మ్యాపు మీద చోటు ఒకటే. కింద ఉన్నవారికి కాంక్రీటు అడ్డం రావడంతో సంకేతం కూడా చెదిరిపోతుంది. నేను వాడినవాటిలో ఒక యాప్, నేను షేక్‌పేట ఫ్లైఓవర్ మధ్యలో ఉండగా, కింద సిగ్నల్ దగ్గర కుడివైపు తిరగమని చెప్పి, నేను తిరగకపోయేసరికి కొత్త దారి లెక్క మొదలుపెట్టింది. దారి తెలిసినవాణ్ణి కాబట్టి పట్టించుకోలేదు. కొత్తగా స్టీరింగ్ పట్టినవారు అలాంటి చోట కంగారుపడి బ్రేక్ వేస్తే వెనక వచ్చేవారికి ప్రమాదం. ఉపగ్రహాలు పంపే మామూలు ఎల్1 సంకేతంతో పాటు ఎల్5 అనే రెండో ఫ్రీక్వెన్సీని కూడా అందుకునే ఫోన్లలో ఎత్తైన కట్టడాల మధ్య స్థానం కొంత మెరుగ్గా తెలుస్తుంది. ఫోన్ కొనేటప్పుడు కెమెరాతో పాటు ఈ వివరం కూడా అడగాలని కారు నడిపే మిత్రులకు చెబుతుంటాను.

ఫ్లైఓవర్ ఎక్కమని విడిగా సూచించే ఏర్పాటును గూగుల్ మ్యాప్స్ 2024 జులైలో మన దేశంలోని 40 నగరాలకు ప్రకటించింది. అది వచ్చాక రోజువారీ దారిలో నాకు స్పష్టత బాగా పెరిగింది. అయితే కూడలిని కంటికి చూపించడంలో మ్యాపుల్స్‌దే పైచేయి అని నా అభిప్రాయం. పెద్ద కూడళ్ళు దగ్గరపడగానే అది రోడ్డు చీలికను త్రీడీ బొమ్మగా తెరమీద నింపి, ఏ పాయలోకి వెళ్ళాలో బాణం గుర్తుతో చూపిస్తుంది. బయోడైవర్సిటీ కూడలిలాగా ఒకదాని మీద ఒకటి ఫ్లైఓవర్లు ఉన్న చోట, ఒక్కసారి చూసి మళ్ళీ రోడ్డు మీదికి చూపు మరల్చడానికి ఆ బొమ్మ చాలు. మ్యాపుల్స్‌ను తయారుచేసే మ్యాప్‌మైఇండియా 1995లోనే మొదలైన మన దేశపు సంస్థ. రోడ్డు భద్రత హెచ్చరికల విషయంలో కేంద్ర రోడ్డు రవాణా శాఖతో, ఐఐటీ మద్రాసుతో కలిసి పనిచేసింది. ఆ శ్రద్ధ వాడకంలో తెలుస్తుంది. నల్గొండ జిల్లాలోని మా ఊరికి రాత్రిపూట వెళ్ళేటప్పుడు, హైవే దిగాక వచ్చే ఊళ్ళలో రంగు చెరిగిపోయిన స్పీడ్ బ్రేకర్లు లైట్ల వెలుగులో కూడా ఆనవు. ముందు స్పీడ్ బ్రేకర్ ఉందని వినపడితే వెనక సీట్లో నిద్రపోతున్న పెద్దవాళ్ళ నడుము బతికిపోతుంది. అందుకే ఊరి ప్రయాణానికి నేను మ్యాపుల్స్‌నే పెట్టుకుంటాను.

చెవిన పడటం గురించి ఇంత చెప్పాను కాబట్టి ఒక చిన్న అమరిక చెప్పాలి. ఫోన్‌ను కారు స్టీరియోకు బ్లూటూత్‌తో కలిపినప్పుడు, పాటలేవీ పెట్టుకోకపోతే, స్టీరియో మేలుకునేలోపు సూచనలోని మొదటి మాట వినపడకుండా పోతుంది. "ఎడమవైపు తిరగండి"లో "తిరగండి" ఒక్కటే వినిపిస్తే ఏం లాభం? యాప్ సెట్టింగుల్లో బ్లూటూత్ ద్వారా గొంతు వినిపించే వీలును ఆపేసి, ఫోన్ స్పీకర్ నుంచే వచ్చేలా పెట్టుకుంటే ఆ ఇబ్బంది పోతుంది. గూగుల్ మ్యాప్స్‌లో తెలుగు గొంతు 2018 నుంచి ఉంది. ఇంగ్లీషు సూచనలకు అలవాటు పడినవారు కూడా ఒక వారం తెలుగు గొంతుతో నడిపి చూడాలని నా కోరిక. మా ఇంట్లో కొత్తగా కారు నేర్చుకున్నవారికి అదే ధైర్యాన్నిచ్చింది.

ఇరుకు గల్లీల బాధకు సగం మందు మన చేతిలోనే ఉంది. గూగుల్ మ్యాప్స్‌లో 2017 చివర్లో వచ్చిన టూవీలర్ మోడ్ స్కూటర్లకు చక్కగా పనికొస్తుంది, కానీ ఇంట్లో ఒకే ఫోన్‌ను స్కూటర్ మీదా కారులోనూ వాడుతుంటే, తెరమీద ఉన్నది బైకు గుర్తో కారు గుర్తో చూసుకోకుండా బయల్దేరడం మామూలైపోతుంది; దాంతో సమయం తక్కువని చూపించి, కారు పట్టని సందుల్లోకి తీసుకెళ్తుంది. కార్లను ఇరుకు రోడ్లకు దూరంగా నడిపించే ఏర్పాటును గూగుల్ మొదట ప్రకటించిన ఎనిమిది నగరాల్లో హైదరాబాద్ ఉంది. మిగిలిన సగం మాత్రం ఏ యాప్ వల్లా తీరడం లేదు. కాలనీ సంఘాలు రాత్రి పదింటికి గేట్లకు తాళం వేస్తాయి, ఆ సంగతి మ్యాపుకు తెలియదు. తాళం వేసిన గేటు ముందు కారు రివర్స్ చేసుకుని రావడం మా వైపు అందరికీ అనుభవమే.

అత్తాపూర్‌లో చిరునామా అంటే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ నంబరే. ఇంటికి వచ్చేవారికి వాట్సాప్‌లో లొకేషన్ పంపేటప్పుడు, ఆ గుర్తు పిల్లర్లకు ఏ పక్కన పడిందో చూసి పంపాలి. పది మీటర్లు అటు పడితే యాప్ వారిని అవతలి వైపు రోడ్డు మీదికి చేర్చి "గమ్యం చేరుకున్నారు" అంటుంది, యూటర్న్ ఎక్కడో దూరంగా ఉంటుంది. లొకేషన్‌తో పాటు, మెహదీపట్నం నుంచి వస్తుంటే ఎడమపక్క అనో కుడిపక్క అనో ఒక్క వాక్యం రాయడం మంచిది. తపాలా శాఖ ఐఐటీ హైదరాబాద్‌తో, ఇస్రోకు చెందిన జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రంతో (ఎన్ఆర్ఎస్‌సీ) కలిసి రూపొందించిన డిజిపిన్, సుమారు నాలుగు మీటర్ల గడికి పది అక్షరాల గుర్తును ఇస్తుంది; ఇది అందరి వాడకంలోకి వస్తే ఈ చిక్కు చాలావరకు విడిపోతుందని ఆశ.

ఫోన్ హోల్డర్‌ను అద్దానికి అతికించే బదులు ఏసీ గాలి వచ్చే చోట తగిలించుకోవాలి. మన ఎండాకాలంలో అద్దం దగ్గర పెట్టిన ఫోన్ వేడెక్కి, తెర వెలుగు దానంతటదే తగ్గిపోయి, సరిగ్గా కావలసినప్పుడు ఏమీ కనిపించదు. 2020 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం డ్రైవింగ్‌లో ఫోన్‌ను దారి చూసుకోవడానికి మాత్రమే, అదీ ధ్యాస చెదరకుండా వాడాలి. గమ్యాన్ని బండి కదలకముందే టైపు చేసుకోవడం ఆ నిబంధనకూ, మన ప్రాణానికీ మంచిది.

వేజ్ గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. గూగుల్ 2013లో కొన్న ఈ యాప్‌కు బలమంతా తోటి డ్రైవర్లు పంపే సమాచారం. నా దారిలో దాన్ని వాడేవారు తక్కువగా కనిపించారు కాబట్టి ఆ బలం ఇక్కడ నాకు అందలేదు.

ఆర్గానిక్ మ్యాప్స్‌ది వేరే దారి. స్వచ్ఛంద సేవకులు గీసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారంగా, ఇంటర్నెట్ అక్కర లేకుండా నడుస్తుంది, మన కదలికలను ఎక్కడికీ పంపదు. రద్దీ వివరాలు ఇందులో లేవు, కాబట్టి నగరంలో ఆఫీసుకు వెళ్ళడానికి దీన్ని సిఫారసు చేయను. కానీ శ్రీశైలం దారిలో నల్లమల అడవిలో సిగ్నల్ పోయినప్పుడు ముందుగా దింపుకున్న ఈ మ్యాపే నాకు ఆసరా అయింది. గూగుల్ మ్యాప్స్‌లో కూడా ఆఫ్‌లైన్ మ్యాపు దింపుకోవచ్చు, ఏదో ఒకటి వైఫై ఉన్నప్పుడే సిద్ధం చేసుకోవాలి. ఆ దారి గురించి ఇంకో విషయం. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోంచి వెళ్ళే ఆ రోడ్డును రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు అటవీశాఖ మూసి ఉంచుతుంది. హైదరాబాద్ నుంచి సాయంత్రం బయల్దేరేవారు శ్రీశైలం చేరే సమయంతో ఆగకుండా మన్ననూరు చెక్‌పోస్టుకు చేరే సమయాన్ని కూడా యాప్‌లో విడిగా చూసుకోవాలి. అది తొమ్మిది దాటేలా ఉంటే ప్రయాణాన్ని తెల్లవారుజామున పెట్టుకోవడం మేలు.