చిన్న నిర్మాతలకు జాగ్రత్త: ‘రిలీజ్ ప్యాకేజీ’ మీద సంతకం పెట్టే ముందు ఇది చదవండి

సినిమా పూర్తయింది, ఫస్ట్ కాపీ చేతిలో ఉంది, బయ్యర్లెవరూ ఫోన్ ఎత్తడం లేదు. మీరు ఈ దశలో ఉంటే ఇది మీకోసమే. ఫిలింనగర్, కృష్ణానగర్ చుట్టుపక్కల సరిగ్గా ఇలాంటి నిర్మాతల్నే వెతుక్కుంటూ వచ్చేవాళ్లున్నారు. వాళ్ల దగ్గర ఒక ప్యాకేజీ ఉంటుంది. రెండు రాష్ట్రాల్లో థియేటర్ రిలీజ్, పబ్లిసిటీ, తర్వాత ఓటీటీ, అంతా కలిపి ఒకటే రేటు. మేం తీసిన చిన్న సినిమాకి చెప్పిన రేటు 18 లక్షలు. వంద థియేటర్లన్నారు, ఓటీటీ పక్కా అన్నారు, “మీరేం టెన్షన్ పడకండి సార్, అంతా మేం చూసుకుంటాం” అన్నారు. సంస్థ పేరు రాయడం లేదు, గొడవ ఇంకా తేలలేదు. పైగా ఇదే పద్ధతిలో తిరుగుతున్నవాళ్లు చాలామందే ఉన్నారు, ఒక్క పేరు తెలిసినందువల్ల మీకు ఒరిగేదేమీ లేదు.

మామూలుగా సినిమాని నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్ గోదావరి, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అని ఏరియాలవారీగా అమ్ముతారు. బయ్యర్ అవుట్‌రైట్‌గా, అంటే మొత్తం ధర కట్టేసి కొంటే నష్టం కూడా అతనిదే. అడ్వాన్స్ ఇచ్చి కమీషన్ మీద ఆడిస్తే, ఆ అడ్వాన్స్ రాబట్టుకోవడానికైనా నాలుగు థియేటర్లకు ఫోన్ చేస్తాడు. ఎలా చూసినా అతని డబ్బు మీ సినిమాలో ఇరుక్కుని ఉంటుంది. ప్యాకేజీలో పెట్టుబడి మొత్తం మీదే, ప్యాకేజీవాడి లాభం మాత్రం రిలీజ్‌కి ముందే అతని జేబులో పడిపోతుంది. శుక్రవారం మార్నింగ్ షోకి ఒక్క టికెట్ తెగకపోయినా అతనికి పోయేదేమీ లేదు. మాకు జరిగిందంతా ఇక్కడి నుంచే మొదలైంది.

థియేటర్ల లిస్టు రిలీజ్‌కి రెండు రోజుల ముందు వాట్సాప్‌లో వచ్చింది. చూడ్డానికి నిండుగానే ఉంది. కానీ చాలాచోట్ల రోజుకు ఒకటే ఆట, అదీ పొద్దున పదకొండుకో, మధ్యాహ్నం రెండున్నరకో. ఒక్క ఆట వేసినా లిస్టులో అది ఒక థియేటరే మరి! హైదరాబాద్‌లో ఇచ్చినవన్నీ ఊరి చివర మల్టీప్లెక్సులు, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఒక్కటీ లేదు. మా కథ శ్రీకాకుళం పల్లెల్లో జరుగుతుంది, నటుల్లో సగం మంది అక్కడివాళ్లే. శ్రీకాకుళంలో మాత్రం పోస్టర్ కూడా పడలేదు. హీరో బంధువులు అక్కడి థియేటర్‌కి వెళ్తే, పది టికెట్లయినా తెగితేనే ఆట వేస్తామని గేటు దగ్గర చెప్పారట. థియేటర్ వాళ్లను తప్పు పట్టలేం, కరెంటు బిల్లు వాళ్లు కట్టుకోవాలి. జనం వచ్చే చోట ఆట లేదు, ఆట ఉన్న చోట ఇలాంటి సినిమా ఒకటి వచ్చిందని ఎవరికీ తెలీదు. అందుకని ఎవరైనా థియేటర్లు ఎన్నో చెబితే ఆటలు ఎన్నో అడగండి. ఏ ఊళ్లో, ఏ టైముకి అన్నది రిలీజ్‌కి వారం ముందు రాతపూర్వకంగా ఇవ్వకపోతే మిగతా డబ్బు ఇవ్వొద్దు.

తర్వాత కేడీఎం. ఇప్పుడు సినిమా డీసీపీ అనే డిజిటల్ ఫైలు రూపంలో క్యూబ్, యూఎఫ్ఓ లాంటి సంస్థల ద్వారా థియేటర్ సర్వర్‌కి చేరుతుంది. ఫలానా తెర మీద, ఫలానా తేదీల మధ్య ఆడించుకోవచ్చు అంటూ దాన్ని తెరిచే డిజిటల్ తాళంచెవే కేడీఎం. చార్జీలు కట్టకపోతే ఆ తాళంచెవి రాదు. మా సినిమాకి మొదటి రోజు మార్నింగ్ షోలు చాలాచోట్ల పడకపోవడానికి కారణం ఇదే. వీపీఎఫ్ అనే ఈ డిజిటల్ చార్జీ ప్యాకేజీలోనే ఉందని నోటితో చెప్పారు, ఒప్పందంలో మాత్రం “డిజిటల్ చార్జీలు వాస్తవ ఖర్చు మేరకు నిర్మాత భరించవలెను” అని ఉంది. అప్పటికప్పుడు డబ్బు సర్దితే మ్యాట్నీ నుంచి బొమ్మ పడింది. 2018 మార్చిలో దక్షిణాది నిర్మాతలు థియేటర్లకు సినిమాలివ్వడం ఆపేసింది ఈ చార్జీల మీద గొడవతోనే. ఆ తర్వాత కాస్త తగ్గాయి గానీ పోలేదు. వారం లెక్కన చార్జీ కడితే, రోజుకు ఒక్క ఆట పడే తెర మీద ఆ డబ్బు కూడా తిరిగి రాదు. థియేటర్ల సంఖ్య పెంచి చూపించేవాళ్లు ఈ మాట ఎత్తరు.

ఇక లెక్కలు. గేటు దగ్గర వసూలైన దాంట్లో ముందు జీఎస్టీ పోతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వంద రూపాయల వరకు టికెట్‌కి 5 శాతం, ఆపైన 18 శాతం. మిగిలిన నెట్‌లోంచి థియేటర్ రెంటో పర్సెంటేజీయో తీసేస్తే వచ్చేది షేర్. రెంటు మీద తీసుకుంటే జనం రాకపోయినా అద్దె అద్దే, తక్కువ పడింది ఎదురు కట్టాలి. చిన్న సినిమాకి పర్సెంటేజీయే క్షేమం. తమాషా ఏంటంటే, 2025 మేలో రెంటు వద్దు పర్సెంటేజీయే కావాలని, లేకపోతే జూన్ 1 నుంచి థియేటర్లు మూసేస్తామని హెచ్చరించింది సింగిల్ స్క్రీన్ యజమానులే. మనలాంటివాళ్లు వెళ్తే మాత్రం రెంటు ముందే కట్టమంటారు.

మా డీసీఆర్‌లు, అంటే ఏ రోజుకారోజు వసూళ్ల రిపోర్టులు అడిగిన ప్రతిసారీ “ఏరియాల నుంచి రావాలి సార్” అన్నారు. చివరికొచ్చింది ఒక ఎక్సెల్ షీట్. ఊరి పేరు, పక్కన ఒక అంకె. ఆటలవారీగా ఏమీ లేదు. కింద మేమే ఇంకా రెండు లక్షల పైచిలుకు బాకీ ఉన్నట్టు తేల్చారు! మా కుర్రాళ్లు బుక్‌మైషోలో సీట్ల స్క్రీన్‌షాట్లు తీసిపెట్టారు కాబట్టి సరిపోయింది. కొన్ని మల్టీప్లెక్సుల్లో ఆన్‌లైన్‌లో నిండిన సీట్ల కంటే షీట్‌లో చూపిన టికెట్లు తక్కువ. ఇప్పుడు మా లాయర్ చేతిలో ఉన్న గట్టి ఆధారం ఆ స్క్రీన్‌షాట్లే. మీరు కూడా మొదటి మూడు రోజులు ఎవరో ఒకరిని ఈ పని మీద కూర్చోబెట్టండి.

పబ్లిసిటీ గురించి ఎక్కువ రాయను, అందరికీ తెలిసిందే. ట్రైలర్‌కి మూడు రోజుల్లో పది లక్షల వ్యూస్, కామెంట్లు యాభై కూడా లేవు. ట్రైలర్ పెట్టిన యూట్యూబ్ ఛానల్ ప్యాకేజీవాళ్లది కావడంతో అనలిటిక్స్ చూపించమని పోరాడాల్సి వచ్చింది. చూస్తే దాదాపు అన్నీ యాడ్స్ నుంచి వచ్చిన వ్యూసే, సగటున కొన్ని సెకన్లు. ఒకే ప్రెస్‌నోట్ అక్షరం మారకుండా బోలెడు వెబ్‌సైట్లలో పడింది. ప్రీ రిలీజ్ ఈవెంట్‌లో కుర్చీలు నింపింది మావాళ్లే. ఆ ఈవెంట్ ఖర్చులో సగం పెట్టి శ్రీకాకుళం, విజయనగరం కాలేజీల్లో తిరిగినా, ఊళ్లలో మైకు ఆటోలు తిప్పినా ఫలితం వేరేగా ఉండేదని మా డైరెక్టర్ ఇప్పటికీ గొణుగుతుంటాడు. నేనూ అదే అంటాను.

వీళ్లు ప్రతి నిర్మాతకీ చెప్పే ఉదాహరణ కేరాఫ్ కంచరపాలెం. కొత్త మొహాలతో 2018లో వచ్చి ఆడింది కదా, మీదీ అలాంటిదే అంటారు. దాన్ని విడుదల చేసింది చేతిలో థియేటర్లూ డిస్ట్రిబ్యూషనూ ఉన్న సురేష్ ప్రొడక్షన్స్ అన్న సంగతి మాత్రం మింగేస్తారు.

ఓటీటీ దగ్గరికొస్తే, ఓటీటీలో పెట్టడం వేరు, ఓటీటీ వాళ్లు కొనడం వేరు. ఆహా, ఈటీవీ విన్ లాంటివి చిన్న సినిమాలు తీసుకుంటాయి. కానీ సినిమా చూసుకుని తీసుకుంటాయి. వాళ్ల తరఫున ముందే పక్కా అని మాటిచ్చే అధికారం బయటివాడికి ఎక్కడిది? మాకు దక్కింది ప్రేక్షకుడు అద్దె కట్టి చూసే పద్ధతి. ముందుగా ఒక్క రూపాయి రాదు. చూసినవాళ్లను బట్టి వచ్చే వాటా మొదట మధ్యవర్తి ఖాతాలో పడుతుంది, అతని కమీషన్ పోయాక మిగిలితే మనకు. ఎంతమంది చూశారో మనకు కనిపించదు, అతను చెప్పిందే లెక్క.

అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టేది హక్కుల క్లాజు. మా ఒప్పందంలో “ప్రపంచవ్యాప్తంగా, శాశ్వతంగా, ఇప్పుడున్న మరియు ఇకపై రాబోయే అన్ని మాధ్యమాలలో” అని ఉంది. డబ్బు మనం ఇచ్చి, హక్కులు కూడా మనమే రాసివ్వడం ఏమిటి? 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్‌లో నిర్మాతకు కాస్త రక్షణ ఉంది. హక్కులు ఎంతకాలానికో రాయకపోతే ఐదేళ్లకే అని, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే అని లెక్క. 19(4) ప్రకారం, తీసుకున్నవాడు ఏడాదిలోపు వాడుకోకపోతే ఆ హక్కు రద్దవుతుంది. అయితే ఒప్పందంలో వేరేగా రాసుకుంటే ఇవేవీ వర్తించవు. అందుకే వీళ్లు “సెక్షన్ 19(4) వర్తించదు” అని ఒక లైను ఇరికిస్తారు. ఆ లైను కొట్టేయించండి. థియేటర్ పని చేసేవాడికి థియేటర్ హక్కు చాలు, అదీ ఏరియా పేరు, ముగిసే తేదీ రాసి. శాటిలైట్, హిందీ డబ్బింగ్, రీమేక్ మీ దగ్గరే ఉంచుకోండి.

సెన్సార్ కూడా మేమే చేయిస్తాం, మీరు తిరగక్కర్లేదు అన్నారు. ఆ పని మా మేనేజర్ ఇవ్వనివ్వలేదు, సర్టిఫికెట్ మా బ్యానర్ పేరుతోనే తెచ్చాడు. మాకు తెలిసిన ఇంకో నిర్మాతకి అది ప్యాకేజీవాళ్ల పేరుతో వచ్చింది. ఇప్పుడు ఎవరికి అమ్మబోయినా వాళ్ల ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెమ్మంటున్నారట, వాళ్లేమో దానికో రేటు చెబుతున్నారట. డీసీపీ, 5.1 సౌండ్ మిక్స్, డైలాగ్ లేని మ్యూజిక్-ఎఫెక్ట్స్ ట్రాక్ ఉన్న హార్డ్‌డిస్క్ కూడా అంతే, ఒరిజినల్ ఎవరికీ ఇవ్వొద్దు. కేడీఎంలు ఏ తెరకి వెళ్లాలో చెప్పే మెయిల్ మీ ఐడీ నుంచే వెళ్లాలి.

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉద్యోగం చేసుకుంటూ ఇక్కడ సినిమాకి డబ్బు పెడుతున్నవాళ్లకి ఒక మాట. మీరంటే వీళ్లకి మరీ ఇష్టం, ఎదురుగా ఉండి అడగలేరు కదా. ఓవర్సీస్ రిలీజ్ అని అదనంగా తీసుకుని, మీ ఊళ్లో ఒకట్రెండు షోలు అద్దెకు తీసుకుని, మీ స్నేహితులకే టికెట్లు అమ్మించిన సందర్భాలు మాకు తెలుసు.

మాతో పాటే మొదలైన ఇంకో టీమ్ వేరే దారిలో వెళ్తోంది. ప్యాకేజీ జోలికి పోకుండా విజయవాడ గాంధీనగర్‌లో ఒక పాత డిస్ట్రిబ్యూటర్‌తో కమీషన్ మీద మాట్లాడుకున్నారు. మొదటి వారం కథ జరిగే జిల్లాల్లోనే, పదిహేను తెరలు, అన్నిచోట్లా సాయంత్రం ఫస్ట్ షో ఉండాలని షరతు. రిలీజ్‌కి ముందు రెండు ఊళ్లలో పెయిడ్ ప్రీమియర్లు వేస్తారు. పబ్లిసిటీ డబ్బులో సగం ముట్టుకోకుండా ఉంచారు, టాక్ బాగుంటే శుక్రవారం సాయంత్రం నుంచి ఖర్చు పెడతారట. డేట్ కూడా ఇంటర్ పరీక్షలు అయ్యాకే. మాకేమో పరీక్షల మధ్యలో శుక్రవారం ఖాళీగా ఉందని అంటగట్టారు. అది ఎందుకు ఖాళీగా ఉందో చెప్పలేదు.

ప్రస్తుతం లీగల్ నోటీసు వెళ్లింది, జవాబు రాలేదు. అదే మనుషులు ఇప్పుడు కొత్త బ్యానర్ పేరుతో దసరా స్లాట్లు ఉన్నాయంటూ తిరుగుతున్నారు. ఈ మధ్య ఒకతను తనకిచ్చిన డ్రాఫ్ట్ చూపిస్తే అక్షరం మారలేదు. డిజిటల్ చార్జీలు నిర్మాతవే అన్న లైను, 19(4) వర్తించదన్న లైను రెండూ అలాగే ఉన్నాయి. మీకిచ్చిన కాగితంలో ఈ రెండూ కనిపిస్తే అడ్వాన్స్ ట్రాన్స్‌ఫర్ చేయకముందే కాపీరైట్ తెలిసిన లాయర్‌కి చూపించండి. ఇప్పటికే సంతకం పెట్టేసి ఉంటే కనీసం సెన్సార్ సర్టిఫికెట్, హార్డ్‌డిస్క్ ఎవరి దగ్గరున్నాయో ఇవాళే చూసుకోండి.