చలికాలానికి గ్రీకు ద్వీపం: హన్యా మేలా, సిరోస్ మేలా?

మా పిన్ని కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేస్తాడు. ఆఫీసువాళ్ళు మూడు నెలలు ఎక్కడి నుంచైనా పని చేసుకోవచ్చన్నారట. "అక్కా, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఏదైనా గ్రీకు ద్వీపంలో ఉందామనుకుంటున్నాం. నువ్వు రెండు చలికాలాలు ఉండొచ్చావు కదా, ఏది మేలు? శాంటోరినీ ఎలా ఉంటుంది?" అని అడిగాడు. ఈలోగా మరదలు ఫోన్ అందుకుని, "వదినా, స్వెటర్లు మోసుకెళ్ళక్కర్లేదు కదా?" అంది.

ముందు స్వెటర్ల సంగతి. కావాలి. బయటికంటే ఇంట్లో ఎక్కువ కావాలి.

అంకెలు చూస్తే భయపడేదేమీ లేదు. జనవరిలో ఆ దీవుల్లో పగలు 14, 15 డిగ్రీలు, రాత్రి 8, 9 ఉంటుంది. మన లంబసింగిలో, ఆదిలాబాదులో అంతకంటే కిందికి దిగుతుంది. కానీ మన దగ్గర ఎండెక్కాక చలి పోతుంది. అక్కడి పాత ఇళ్ళు జులై ఎండను ఆపడానికి కట్టినవి. మందపాటి రాతి గోడలు, చిన్న కిటికీలు, కింద పలకల నేల. ఆ గోడలు నవంబరులో ఒకసారి చల్లబడ్డాయంటే మళ్ళీ ఏప్రిల్‌కి గానీ వేడెక్కవు. పైగా చుట్టూ సముద్రం, గాలి నిండా తేమ. పొద్దున పదకొండింటికి బాల్కనీలో టీషర్టుతో కూర్చుని కాఫీ తాగి, లోపలికొచ్చి స్వెటర్ తొడుక్కునేదాన్ని. ఉతికిన జీన్స్ నాలుగు రోజులైనా ఆరేది కాదు. బీరువాలో పెట్టిన తోలు బ్యాగుకు ఆకుపచ్చగా బూజు పట్టింది. ఇంట్లో తేమ పీల్చే మిషన్ ఒకటి పెట్టుకుంటే రోజూ దాని డబ్బా నిండేది. అన్ని నీళ్ళు మన గదిలోనే, మన ఊపిరిలోనే ఉన్నాయా అని భయమేసేది.

వీసా సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మామూలు షెంగెన్ వీసా (గ్రీసుతో సహా చాలా యూరప్ దేశాలకు ఒకటే చెల్లే వీసా) మీద 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండకూడదు. డిసెంబరు 1 నుంచి ఫిబ్రవరి 28 దాకా లెక్కపెడితే సరిగ్గా 90. దిగిన రోజు, తిరిగి బయల్దేరే రోజు కూడా లెక్కలోకే వస్తాయి. అయితే అది చూడటానికి వెళ్ళేవాళ్ళ వీసా. దూరం నుంచి ఉద్యోగం చేసుకునేవాళ్ళ కోసం గ్రీసు 2021లో విడిగా ఒక వీసా పెట్టింది. నెలకు కనీసం 3,500 యూరోల ఆదాయం చూపించాలి. ల్యాప్‌టాప్ తెరిచి ఆఫీసు పని చేయాలనుకుంటే అదే సరైన దారి.

ఇక శాంటోరినీ. వద్దు. నీలం గుమ్మటాల ఫొటోలన్నీ వేసవివి. చలికాలం అక్కడ హోటళ్ళు, తినే చోట్లు చాలావరకు మూతపడతాయి, నడిపేవాళ్ళు ఏథెన్సుకో సొంతూళ్ళకో వెళ్ళిపోతారు. అద్దె ఇళ్ళన్నీ టూరిస్టుల కోసమే కావడంతో, బదిలీ మీద వచ్చిన బడి టీచర్లకే తలదాచుకోవడానికి చోటు దొరకడం కష్టం. 2025 ఫిబ్రవరిలో భూమి వరసగా కంపిస్తుంటే పది వేల మందికి పైగా ద్వీపం వదిలి వెళ్ళారు. మికోనోస్ ద్వీపానిది కూడా చలికాలంలో మూత వేసిన అంగడి ముఖమే. టూరిస్టులు లేకపోయినా తన బతుకు తాను బతికే ఊరు ఉండాలి. బడి, ఆసుపత్రి, కోర్టు, కాలేజీ కుర్రాళ్ళు, పొద్దునే తెరిచే బేకరీ. ఆ లెక్కన నాకు తెలిసినవి రెండు: సైక్లడీస్ దీవుల్లో సిరోస్, క్రీట్ ద్వీపంలో హన్యా. ఇంగ్లిష్ అక్షరాలు చూసి మనవాళ్ళు చానియా అంటారు గానీ, టికెట్ కౌంటర్లో అలా అడిగితే ఒక్క క్షణం తెల్లముఖం వేస్తారు.

నేను మొదట ఉన్నది సిరోస్‌లో. ద్వీపం మొత్తానికి దాదాపు 21 వేల జనం. ముఖ్య పట్టణం ఎర్ముపొలి. 1820లలో గ్రీకు స్వాతంత్ర్య యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన హియోస్, ప్సారా, స్మిర్నా శరణార్థులు కట్టుకున్న ఊరు. సైక్లడీస్‌కి పాలనా కేంద్రం కాబట్టి ప్రభుత్వ ఆఫీసులన్నీ ఇక్కడే. 1864లో తెరిచిన అపోలో థియేటర్‌లో ఇప్పటికీ ప్రదర్శనలు జరుగుతాయి. డిసెంబరు 6న నావికుల రక్షకుడు సెయింట్ నికొలస్ పండగ, జనవరి 6న పూజారి రేవులో శిలువ విసిరితే కుర్రాళ్ళు ఆ చల్లటి నీళ్ళలోకి దూకి పైకి తెస్తారు. జనవరి సాయంత్రం కూడా మియావులి కూడలిలో పిల్లలు బంతి ఆడుతుంటారు. ఒంటరిగా ఉన్నానని ఒక్కరోజూ అనిపించలేదు.

అనిపించిందల్లా గాలి. మన ఈదురుగాలి తుపానుకో, వడగళ్ళ వానకో ముందు వచ్చి పోతుంది. సిరోస్‌లో వచ్చిందంటే మూడు రోజులు. ద్వీపం మీద చెట్లు తక్కువ, దాన్ని ఆపేదేమీ లేదు. వపోరియా పేటలో పాత ఓడ కెప్టెన్ల ఇళ్ళు సరిగ్గా నీళ్ళ మీదికి ఉంటాయి, చూడటానికి ఎంత అందమో. అలాంటి ఇంట్లో అద్దెకు దిగాను. ఉత్తరగాలి వీస్తే కిటికీ చెక్కలు రాత్రంతా టకటకలాడేవి, గాజు మీద ఉప్పు పేరుకునేది. థర్మామీటరులో 10 డిగ్రీలున్నా చెవులు తిమ్మిరెక్కేవి. వాన మాత్రం తక్కువ. సైక్లడీస్‌లో ఏడాది మొత్తానికి 400 మిల్లీమీటర్లు కూడా పడని చోట్లున్నాయి, అంటే హైదరాబాదు వానలో సగం. మంచు అరుదు గానీ అసలు పడదని కాదు. 2022 జనవరిలో వచ్చిన మంచు తుపానుకు మికోనోస్, పారోస్ ఇసుక తీరాలు తెల్లబడ్డాయి.

అసలు కష్టం 'అపగొరెఫ్తికో'. చలికాలం ద్వీపంలో ఉండేవాళ్ళ నోట రోజుకోసారైనా వచ్చే మాట. ఓడలు కదలకూడదన్న నిషేధం అని అర్థం. గాలి బలాన్ని కొలిచే బోఫోర్ట్ స్కేలు మీద 8కి, అంటే గంటకు 62 కిలోమీటర్లకు చేరితే సాధారణంగా రేవు అధికారులు ఓడలను ఆపేస్తారు. చిన్న వేగపు పడవలు అంతకన్నా ముందే ఆగిపోతాయి. మన మచిలీపట్నం, కాకినాడ రేవుల్లో ప్రమాద సూచిక ఎగరేస్తారు కదా, అలాంటిదే. తేడా ఏమిటంటే, మన దగ్గర వేటకు వెళ్ళేవాళ్ళు ఆగుతారు, అక్కడ ఊరు ఊరంతా ఆగుతుంది. మొదటి రోజు ఎవరూ పట్టించుకోరు. రెండో రోజు టమాటాల బుట్ట ఖాళీ. మూడో రోజు పాల అర ఖాళీ. ఏథెన్సు దగ్గరి పిరేయస్ రేవు నుంచి సిరోస్‌కు ఓడలో నాలుగు గంటలు కూడా పట్టదు, అందుకే దగ్గరే కదా అనుకుంటాం. నేను అలాగే అనుకుని, విమానం ఉన్న రోజు ఉదయానికి ఓడ టికెట్ కొన్నాను. ఆ రోజు అపగొరెఫ్తికో. విమానం టికెట్ డబ్బు పోయింది, అంతకుమించి టెన్షన్. అప్పటి నుంచి విమానానికి రెండు రోజుల ముందే ఏథెన్సు చేరుకోవడం అలవాటైంది.

హన్యాకు వెళ్ళే పెద్ద ఓడలూ ఆ గాలికి ఆగుతాయి. కానీ ఆగినా మనకు తెలియదు, తేడా అక్కడుంది. క్రీట్ చిన్నాచితకా ద్వీపం కాదు. పొడవు 260 కిలోమీటర్లు, జనం ఆరు లక్షల పైమాట. కూరగాయలు, పాలు, నూనె, నారింజలు అన్నీ అక్కడే పండుతాయి. విమానాలు ఏడాది పొడవునా తిరుగుతాయి, ఏథెన్సుకు గంట లోపే. ఊళ్ళో టెక్నికల్ యూనివర్సిటీ ఉంది కాబట్టి చలికాలమే కాఫీ షాపులకు అసలు సీజను.

హన్యా వెనకాల తెల్లకొండలు. లెఫ్కా ఓరి అంటారు, ఎత్తు 2,400 మీటర్లు దాటుతుంది. రేవు గట్టు మీద ఎండలో కూర్చుని తల తిప్పితే మంచు కప్పిన కొండ. కారులో గంటన్నర లోపు ఒమలోస్ మైదానానికి వెళ్ళి మంచులో నడిచి, మధ్యాహ్నానికి సముద్రం ఒడ్డుకు రావచ్చు. ఆ పక్కనే ఉన్న సమరియా లోయ మాత్రం చలికాలం మూసేస్తారు, దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

నవంబరు నుంచి జనవరి దాకా అక్కడ ఆలివ్ కోతలు. చెట్ల కింద వలలు పరిచి, కర్రలతో కొమ్మలు దులుపుతారు. ఆదివారాలు కుటుంబమంతా తోటలోనే, ఏథెన్సులో చదివే పిల్లలు కూడా దానికోసం ఇంటికొస్తారు. నూనె మరలు రాత్రుళ్ళు కూడా నడుస్తాయి. కొత్త నూనె గొంతు దగ్గర కాస్త మండుతుంది, ఆ మంట లేకపోతే అది మంచి నూనె కాదంటారు. పిండగా మిగిలిన పిప్పిని, కొట్టేసిన ఆలివ్ కొమ్మలను చలికి పొయ్యిల్లో వేస్తారు. సాయంత్రమైతే వీధంతా ఆ పొగ వాసన. సిరోస్‌లో కట్టె పుల్ల కూడా ఓడలోనే రావాలి, ఏసీని వేడికి తిప్పుకుని కరెంటు బిల్లు చూసి నిట్టూర్చడమే. హన్యాలో నా ఇంట్లో 'సోంబా' ఉండేది, ఇనుప కట్టెల పొయ్యి. ఈ ఒక్క విషయంలోనే హన్యా సగం గెలిచేసింది.

అక్కడ బాధ వాన. సిరోస్ కంటే ఎక్కువ పడుతుంది, కొండల మీద మరీ ఎక్కువ. 2019 ఫిబ్రవరి తుపానుల్లో హన్యా చుట్టుపక్కల రోడ్లు కొట్టుకుపోయాయి, కెరీటిస్ ఏటి మీది వందేళ్ళ నాటి రాతి వంతెన కూలిపోయింది. ఉత్తరం నుంచి తుపాను గాలి కొడితే పాత రేవు గట్టు మీదికి అలలు ఎక్కి హోటళ్ళ గుమ్మాలు తడుస్తాయి. ఇంకొక వింత దక్షిణపు గాలి. ఆఫ్రికా నుంచి వచ్చి, కొండ దాటి కిందికి దిగేటప్పుడు వేడెక్కుతుంది. ఫిబ్రవరిలో ఒక రోజు హఠాత్తుగా 25 డిగ్రీలు దాటి, ఆకాశం పసుపుపచ్చగా మారి, బాల్కనీ నిండా సహారా దుమ్ము పడుతుంది. ఆరేసిన బట్టలు మళ్ళీ ఉతుక్కోవాలి. ఎర్రమట్టి దుమ్ము అలవాటున్న మనకు అదేమంత కష్టం కాదు.

తిండి విషయంలో రెండూ మనకు అనుకూలమే. వాన పడిన మర్నాడు ముసలమ్మలు చేతిలో చాకు, ప్లాస్టిక్ సంచీ పట్టుకుని రోడ్డు పక్కన ఆకుకూరలు కోస్తుంటారు. అచ్చం మన ఊళ్ళలో గట్ల మీద పొన్నగంటి కోసినట్టే. 'హోర్తా' అని ఉడికించి ఆలివ్ నూనె, నిమ్మరసం పోసి పెడతారు. సైక్లడీస్‌లో 'ఫావా' దొరుకుతుంది. పేరు చూసి ఫావా చిక్కుడు గింజలనుకుని మోసపోకండి, అది పసుపుపచ్చగా, మెత్తగా ఉడికిన ముద్దపప్పే, పైన ఉల్లిపాయ ముక్కలు. కాస్త ఆవకాయ ఉంటే ఇంకేం కావాలి. క్రిస్మస్‌కి ముందు నలభై రోజుల ఉపవాసం పాటించేవాళ్ళ కోసం మాంసం, పాలు లేని వంటకాలు చేస్తారు. శాకాహారులు 'నిస్తీసిమో', అంటే ఉపవాసపు వంట, అన్న మాట నేర్చుకోవాలి. కాకపోతే అందులో రొయ్యలు, ఆక్టోపస్ లాంటివి ఉండొచ్చు, అడిగి తినాలి.

కోర్ఫు అనే ఇంకో గ్రీకు ద్వీపం గురించి కూడా అడిగారు. పచ్చదనం, ఊరి అందం చూస్తే అన్నిటికన్నా అదే మిన్న. కానీ అక్కడ ఏడాదికి దాదాపు 1,100 మిల్లీమీటర్ల వాన, మన విశాఖలో పడేంత. అది కూడా ఎక్కువగా అక్టోబరు నుంచి మార్చి మధ్యలోనే. ముసురు నచ్చేవాళ్ళకే అది. రోడ్స్ ద్వీపంలో ఎండ బాగుంటుంది, పాత కోట ఊరు బాగుంటుంది. నేను నాలుగు రోజులే ఉన్నాను కాబట్టి తీర్పు చెప్పను.

రెండు చోట్లా దొరికేది ఒకటుంది. జనవరి నడిమధ్యలో ఎప్పుడో గాలి ఆగిపోతుంది. సముద్రం పళ్ళెంలో పోసిన నూనెలా నిలుస్తుంది, ఎండ వెచ్చగా కాస్తుంది. 'అల్కియోన్ రోజులు' అంటారు. గాలుల రేడు ఏయోలస్ కూతురు అల్కియోన్, సముద్రంలో మునిగిపోయిన భర్త కోసం ఏడ్చి ఏడ్చి లకుముకి పిట్టగా మారిందట. ఆ పిట్ట గూడు కట్టి గుడ్లు పొదగాలని గాలులు ఆగుతాయని కథ. హన్యాలో ఆ రోజులు హాయిగా ఉంటాయి. సిరోస్‌లో మూడు వారాల గాలి తర్వాత అవి వస్తే, ఊరంతా కుర్చీలు బయటికి లాక్కుని రేవు గట్టు మీద కూర్చుంటుంది. ఎవరి పక్కన ఎవరు కూర్చున్నా మాట కలుస్తుంది. ఆ వారం కోసం నేనైతే మళ్ళీ సిరోస్‌కే వెళ్తాను.

తమ్ముడికి మాత్రం హన్యా అనే చెప్పాను. మొదటి చలికాలం, ఇద్దరికీ రోజూ మీటింగులు, మరదలికి చలంటే పడదు. కట్టెల పొయ్యి ఉన్న ఇల్లు, దక్షిణం వైపు కిటికీలు, కొత్తగా కట్టింది అయితే మరీ మంచిది, పాత రేవుకు పది నిమిషాల నడక దూరంలో చూసుకోమన్నాను. కాఫీకి రేవుకు వెళ్ళొచ్చు, రేవు మీదే కాపురం అక్కర్లేదు.

నిన్న రాత్రి ఫొటోలు పంపాడు. సరిగ్గా నీళ్ళ మీదికి, నీలం తలుపులు, పాత వెనీషియన్ రాతి ఇల్లు. "అక్కా, వ్యూ చూడు!" అని కింద రాశాడు. బీరువా తలుపు తీసి లోపల వాసన ఎలా ఉందో ఇంటివాళ్ళను అడగమన్నాను. ఇంకా జవాబు రాలేదు.