జీఎస్‌లిబ్ సమీక్ష: మంచి సాధనమే, కానీ డేటా శుభ్రంగా ఉంటేనే

ఖనిజాల కోసం వేసిన బోర్‌హోల్ డేటాను క్రిగింగ్‌కు (శాంపిళ్ల విలువల నుంచి మధ్యలోని చోట్ల విలువను అంచనా వేసే పద్ధతి) పంపే ముందు పరిశీలించడానికి ఏళ్ల తరబడి వాడుతున్నది జీఎస్‌లిబ్. 1992లో స్టాన్‌ఫర్డ్ నుంచి వచ్చిన ఫోర్ట్రాన్ ప్రోగ్రాముల మూట ఇది. మెనూలు లేవు. ప్రతి ప్రోగ్రాముకూ ఒక పారామీటర్ ఫైలు ఉంటుంది, అందులో ప్రతి అంకె మనమే రాసుకోవాలి. నచ్చేదీ విసిగించేదీ ఈ గుణమే.

కాలర్ (బోరు నోటి స్థానం), సర్వే (బోరు వాలు, దిక్కు), అస్సే (శాంపిళ్ల పరీక్ష ఫలితాలు) పట్టికల తప్పులు ఇది పట్టదు. ఒకదానిపై ఒకటి పడిన ఇంటర్వెల్స్ (ఒక్కో శాంపిల్ తీసిన లోతు భాగాలు), మధ్యలో ఖాళీలు, బోరు అడుగును దాటిపోయిన శాంపిళ్లు, వీటిని ముందే వేరేచోట సరిచేసుకోవాలి. కాంపోజిటింగ్ (శాంపిళ్లను ఒకే పొడవు ముక్కలుగా సరిచేయడం) కూడా బయటి పనే. శాంపిళ్లు ఎక్కువగా 2 మీటర్లవైతే 1 మీటరు కాంపోజిట్లు చేయకండి. ఒకే విలువ రెండుసార్లు పక్కపక్కన పడి నగ్గెట్ (అతి దగ్గరి శాంపిళ్ల మధ్య కూడా ఉండే తేడా) ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది.

కొత్తవాళ్లు ఎక్కువగా పడే గొయ్యి కోత హద్దుల (ఏ విలువలను లెక్కలోంచి వదిలేయాలో చెప్పే కింది, పై అంకెలు) దగ్గర ఉంది. నమూనా పారామీటర్ ఫైల్లో కింది హద్దు ఎంత పెద్ద రుణసంఖ్యగా ఉంటుందంటే, లేని అస్సేకు గుర్తుగా పెట్టిన -1, -999 కూడా గ్రేడులుగానే (రాతిలో ఖనిజం మోతాదులుగానే) లెక్కలోకి వెళ్లిపోతాయి. ప్రోగ్రాము ఏ హెచ్చరికా ఇవ్వదు, సగటు మాత్రం కూలిపోతుంది. కింది హద్దు 0గా మార్చండి. డిటెక్షన్ లిమిట్ (ల్యాబు పసిగట్టగల కనీస మోతాదు) కంటే తక్కువ వచ్చినవి వేరు: వాటికి ఆ లిమిట్‌లో సగం విలువ ఇచ్చి ఉంచాలి, తీసేయకూడదు.

డిక్లస్ (గుంపుగా ఉన్న బోర్ల ప్రభావాన్ని తగ్గించే ప్రోగ్రాము) ఒక్కదాని కోసమైనా ఈ మూట దగ్గర ఉంచుకోవచ్చు. గ్రేడు బాగున్న చోటే బోర్లు దగ్గరదగ్గరగా వేస్తారు కాబట్టి మామూలు సగటు సాధారణంగా పైకే లాగుతుంది. డిక్లస్ రకరకాల సెల్ (స్థలాన్ని విభజించే గడి) సైజులతో సగటు లెక్కించి, కనిష్ఠ సగటు ఇచ్చిన సైజుకు భారాలు (సగటులో ఒక్కో శాంపిల్ వాటా) రాసిపెడుతుంది. ఆ కనిష్ఠాన్ని గుడ్డిగా నమ్మకండి. గ్రిడ్ 50 మీటర్లు, మధ్యలో దగ్గరి బోర్లు 10 మీటర్లకు ఉంటే, సరైన సెల్ 50 మీటర్ల చుట్టుపక్కలే ఉండాలి. 300 దగ్గర కనిష్ఠం వచ్చిందంటే అది అంచుల గోల. ఆరిజిన్ ఆఫ్‌సెట్లు (గడుల మొదలును జరిపి మళ్లీ లెక్కించే సార్లు) 1కి బదులు 5 నుంచి 10 వరకు పెడితే గ్రాఫు రంపంలా కాకుండా నున్నగా వస్తుంది. ఎక్కువ గ్రేడు కాక తక్కువ గ్రేడు ఉన్నచోట బోర్లు గుంపుగా ఉంటే గరిష్ఠం వెతకమని చెప్పాలి.

వేరియోగ్రామ్ (దూరాన్ని బట్టి శాంపిళ్ల మధ్య తేడా ఎలా మారుతుందో చూపే గ్రాఫు) కోసం గామ్‌వి ప్రోగ్రాము. ముందు బోరు వెంబడి వేసి నగ్గెట్ తేల్చుకోవాలి: లాగ్ (జతలోని శాంపిళ్ల మధ్య దూరం) కాంపోజిట్ పొడవంత, టాలరెన్స్ (ఆ దూరంలో అనుమతించే తేడా) అందులో సగం. వాలు బోర్లు రకరకాల దిక్కుల్లో ఉంటే ఒక చిట్కా ఉంది. ఎక్స్ స్థానంలో బోరు నంబరును 10,000తో గుణించి వేయండి, వై 0, జెడ్ స్థానంలో లోతు. పక్క బోరుతో జత కుదిరే ప్రసక్తే ఉండదు. తర్వాత దిక్కులవారీ వేరియోగ్రామ్‌కు అసలు కోఆర్డినేట్లతో ఫైలు మళ్లీ మార్చుకోవడం మరవద్దు. డిప్ (వాలు కోణం) కిందికైతే రుణసంఖ్య. ఫలితంలో జతల సంఖ్య ఉన్న నిలువు వరుసను చూడకుండా మోడల్ గీయకండి. మొదటి లాగుల్లో పది పన్నెండు జతలే ఉంటే ఆ చుక్కలకు విలువ లేదు.

గ్రాఫులన్నీ పోస్ట్‌స్క్రిప్ట్‌లో వస్తాయి, చూడటానికి పాతకాలపువి. టాప్‌కట్ (మరీ పెద్ద గ్రేడులను కుదించే పై హద్దు) ఎక్కడ పెట్టాలో చూసుకోవడానికి ప్రాబబిలిటీ ప్లాట్ సరిపోతుంది. పాత ఫోర్ట్రాన్ 77 వెర్షన్‌లో డేటా పరిమితి ముందే బిగించి ఉంటుంది. దాటితే ఇన్‌క్లూడ్ ఫైల్లో సంఖ్య పెంచి మళ్లీ కంపైల్ చేయాల్సిందే.