కుల్ధారాకు నలభై నిమిషాలు: ఒక యాత్రా ప్యాకేజీ గురించి

మహారాష్ట్రలోని సిరొంచ నుంచి పదకొండు మందిమి కలిసి, చాందా (చంద్రపూర్)లోని ఒక యాత్రా సంస్థ ద్వారా మొన్నటి మాఘమాసంలో రాజస్థాన్ చూసివచ్చాము. రైలు టిక్కెట్లు, బస, భోజనాల విషయంలో వంక పెట్టడానికి లేదు. రొట్టె పడని పెద్దవాళ్లకు రెండు పూటలా వేడి అన్నం వండించారు. మా అసంతృప్తి అంతా కుల్ధారా విషయంలోనే.

జైసల్మేర్‌కు సుమారు 18 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ పాడుబడిన ఊరికి ఒక పూట కేటాయిస్తామని కరపత్రంలో రాసి, తీరా వెళ్లాక నలభై నిమిషాలు ఇచ్చారు. దారిలో చెప్పుల దుకాణం దగ్గర మాత్రం గంటకు పైగా ఆపారు. గైడు చెప్పినదంతా ఒకటే కథ: జైసల్మేర్ రాజ్యపు దివాన్ సాలిం సింగ్ కన్ను గ్రామపెద్ద కూతురి మీద పడిందనీ, 84 ఊళ్ల పాలివాల్ బ్రాహ్మణులు ఒక్క రాత్రిలో ఊళ్లు ఖాళీ చేసి, అక్కడ ఇక ఎవరూ కాపురం ఉండకూడదని శపించారనీ. రక్తి కట్టించి చెప్పాడు, కాదనను. కానీ ఆంగ్లేయ అధికారి జేమ్స్ టాడ్ 1815 ప్రాంతంలో అక్కడ 200 ఇళ్లు, 800 మంది ఉన్నట్టు రాశాడు. 1890లోనూ 37 మంది మిగిలారు. బావులు ఒక్కొక్కటే ఎండిపోవడం, దివాన్ పన్నుల పీడన ఆ ఊరిని ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా ఖాళీ చేశాయనడమే సబబుగా తోస్తుంది. ఉదయం మాకు చూపించిన హవేలీ ఆ సాలిం సింగ్‌దేనన్న ముక్క కూడా గైడు చెప్పలేదు.

నిజానికి అక్కడ చూడవలసింది ఖడీన్. ఏడాదికి 200 మిల్లీమీటర్ల వాన పడడమే గగనమైన ఆ నేలలో, రాతి మిట్టల మీద నుంచి జారివచ్చే వాననీటిని పల్లంలో మట్టికట్ట వేసి నిలిపి, నీరు ఇంకిన తరువాత ఆ తేమ మీదే గోధుమ, శనగ పండించే పద్ధతి పాలివాల్‌లది. మా వైపు మాల్గుజారీ చెరువుల్లో (పూర్వం మాల్గుజార్లనే భూస్వాములు తవ్వించినవి) నీటిని దాచుకుని పొలానికి పారిస్తాము. అక్కడ నీరు నిలిచిన చోటే పొలం. ప్రాణహిత పొంగితే చేలు మునిగే ఊరివాళ్లం కనుక, నీళ్లు లేక పోయిన ఊరిని చూడాలన్న పట్టుదల మాకు కొంత ఎక్కువే. ఖడీన్ చూపించమని అడిగితే, సూర్యాస్తమయానికి సమ్ ఇసుక దిబ్బలు చేరాలని గైడు తొందరపెట్టాడు.

కనుక కోట కోసం, ఎడారి కోసం ఈ ప్యాకేజీ తీసుకోవచ్చు. కుల్ధారాకు మాత్రం జైసల్మేర్‌లో సొంతంగా జీపు మాట్లాడుకుని పొద్దున్నే వెళ్లడం మేలు. తిరిగి వచ్చాక ఫోన్ చేస్తే, తరువాతి బృందానికి గంటన్నర ఇస్తామని సంస్థలోని తెలుగు గుమాస్తా మాట ఇచ్చాడు. ఖడీన్ సంగతి ఎత్తితే మాత్రం, “పొలమే కదండీ, చూడడానికి ఏముంటుంది?” అన్నాడు.