టెంకాయ నీళ్లా, నిమ్మకాయ నీళ్లా? ఏ కిడ్నీకో ముందు చెప్పండి

మా ఇంట్లో కిడ్నీ జబ్బులు రెండున్నాయి. మా ఆయనకు రాళ్లు. రెండేళ్లలో రెండుసార్లు అర్ధరాత్రి నడుం పట్టుకుని మెలికలు తిరిగాడు. మామయ్యకు రాళ్లు లేవు, నొప్పి లేదు, కిడ్నీల పనే తగ్గిపోయింది. ఎన్నో ఏళ్ల బీపీ, షుగరు. కనిగిరి దగ్గర పల్లెలో ఒంటరిగా ఉంటే కుదరదని నెల్లూరుకు మా దగ్గరికి తీసుకొచ్చాం. వయసు 66, క్రియాటినిన్ (కిడ్నీ పని తగ్గితే రక్తంలో పెరిగేది) 1.9, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ వడపోత ఎంత ఉందో చెప్పే అంకె) 38.

మొదట్లో ఇద్దరికీ ఒకటే పథ్యం పెట్టాను. కిడ్నీకి మంచిదని ఎవరు ఏది చెప్పినా ఇద్దరికీ ఇచ్చాను. రోజూ పొద్దున్నే చెరొక టెంకాయ బోండం కొట్టించి తెచ్చేదాన్ని. మూడు వారాలకు మామయ్య రక్తపరీక్షలో పొటాషియం 5.6 వచ్చింది. 5 దాటితేనే జాగ్రత్త పడాలి. రిపోర్టు చూడగానే డాక్టరమ్మ అడిగిన మొదటి మాట, "టెంకాయ నీళ్లు తాగుతున్నారా?" అని. మంచి చేస్తున్నాననుకుని నేనే అందించిన గ్లాసు అది. ఆ రోజు నుంచి ప్రతి వస్తువునూ ఇద్దరి పేర్ల కింద విడివిడిగా రాసుకుంటూ వచ్చాను.

తేడా ఎక్కడంటే, రాళ్లున్న మనిషి కిడ్నీ మామూలుగా పని చేస్తుంటే దానికి కావలసింది ధారాళంగా నీళ్లు. పని తగ్గిన కిడ్నీ పొటాషియాన్ని, ఫాస్ఫరస్‌ను, ఉప్పును సరిగా బయటికి పంపలేదు. పొటాషియం మరీ పెరిగితే గుండె లయ తప్పుతుంది, అది ప్రాణం మీదికి రావచ్చు.

టెంకాయ నీళ్లు, నిమ్మకాయ నీళ్లు, మజ్జిగ

100 మిల్లీలీటర్ల టెంకాయ నీళ్లలో దాదాపు 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. బోండంలో 300 మిల్లీలీటర్లు వచ్చాయనుకోండి, 750 మిల్లీగ్రాములు. ఒక మోస్తరు అరటిపండులో 420 ఉంటుంది. అంటే ఒక్క బోండం ఇంచుమించు రెండు అరటిపండ్లతో సమానం. కిడ్నీలు బాగున్నవాళ్లకు ఎండాకాలంలో ఇంతకన్నా మంచి నీళ్లు లేవు, మా ఆయన ఇప్పటికీ తాగుతాడు. మామయ్యకు మాత్రం ఆపేశాను.

ఒక నిమ్మకాయ రసంలో పొటాషియం 50 మిల్లీగ్రాముల లోపే. గూడూరు, పొదలకూరు నిమ్మకాయలు మనకు కొదవ లేదు. నిమ్మరసంలోని సిట్రేట్ మూత్రంలో క్యాల్షియం రాళ్లు కట్టకుండా అడ్డుపడుతుంది కాబట్టి మా ఆయనకు అది మందు లాంటిది, మామయ్యకు నిరపాయమైన దాహం. ఈ మూడింటిలో మా ఇంటికి నిమ్మకాయే గెలిచింది. కాకపోతే ఉప్పు వేయను. బండి మీద నిమ్మకాయ సోడాలో చెంచాడు ఉప్పు పడుతుంది, అది ఇద్దరికీ చెడుపే. మామయ్యకు షుగరు కనుక చక్కెర కూడా లేదు. నిమ్మరసం, నీళ్లు, కాస్త నలిపిన పుదీనా, అంతే.

మజ్జిగ దగ్గర చుట్టుపక్కలవాళ్లు మా ఆయనను భయపెట్టారు. రాళ్లు క్యాల్షియంవే కదా, పాలూ పెరుగూ మానేయమని. ఇది తప్పు. ఆకుకూరల్లాంటి వాటిలో ఆక్సలేట్ ఉంటుంది, మూత్రంలో క్యాల్షియంతో కలిసి రాయి కట్టేది అదే. తిండిలోని క్యాల్షియం పేగులోనే ఆ ఆక్సలేట్‌ను పట్టుకుని మలంతో పంపేస్తుంది. పెరుగు మానేస్తే ఆ ఆక్సలేట్ రక్తంలోకి, అక్కణ్ణుంచి మూత్రంలోకి చేరి రాళ్లను పెంచుతుంది. అందుకే పాలకూర, తోటకూర వండిన రోజు ఆయన కంచంలో పెరుగు తప్పనిసరి. మామయ్యకు పావు కప్పు పెరుగులో నీళ్లు బాగా పోసి పల్చగా చిలికి, ఒక్క గ్లాసు. పొటాషియం 100 మిల్లీగ్రాముల చిల్లర, అది సర్దుకోగలం.

ఎంత తాగాలనేదీ ఇద్దరికీ వేరే. రాళ్లున్నవాళ్లకు రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం రావాలి. మన రోహిణి కార్తె ఎండలో అంత రావాలంటే మూడు లీటర్ల పైనే తాగాలి. మామయ్యకు దాహం మేరకు చాలు. కాళ్లు వాచినా, మూత్రం తగ్గినా ఎన్ని నీళ్లు తాగాలో డాక్టరే కొలత చెప్తారు. "ఎక్కువ నీళ్లు తాగితే కిడ్నీలు కడిగినట్టు అవుతాయి" అన్న మాట మామయ్య విషయంలో పనికిరాదు.

గల్లుప్పు, సైంధవం, తక్కువ సోడియం ఉప్పు

ఇక్కడే ఎక్కువమంది మోసపోతున్నారని నా బాధ. ఇస్కపల్లి ఉప్పు కయ్యల నుంచి వచ్చిన గల్లుప్పయినా, పొడుప్పయినా, ఎక్కువ డబ్బులు పోసి కొన్న సైంధవ లవణమైనా, తూకానికి తూకం దాదాపు అంతా సోడియం క్లోరైడే. కిడ్నీకి తేడా తెలియదు. ఒకటే భేదం, గల్లు గల్లుగా ఉన్నది చెంచాలో కాస్త తక్కువ పడుతుంది.

తక్కువ సోడియం ఉప్పు అలా కాదు. అందులో కొంత సోడియం తీసేసి పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. చైనాలో 600 పల్లెల్లో, దాదాపు 21 వేల మంది మీద చేసి 2021లో వెలువరించిన పరిశోధనలో, 25 శాతం పొటాషియం క్లోరైడ్ ఉన్న ఉప్పు వాడినవాళ్లలో పక్షవాతం 14 శాతం తగ్గింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2025లో ఇలాంటి ఉప్పు వాడవచ్చంది, కానీ కిడ్నీ జబ్బున్నవాళ్లను ఆ సలహా నుంచి మినహాయించింది. చైనా పరిశోధనలో కూడా తీవ్రమైన కిడ్నీ జబ్బున్నవాళ్లను చేర్చుకోలేదు. బీపీ ఉందని అంగడాయన మామయ్యకు ఇచ్చిన ప్యాకెట్ సరిగ్గా ఇదే. బీపీకి మేలు చేసేది అదే బీపీ వల్ల దెబ్బతిన్న కిడ్నీకి కీడు చేస్తుంది. ప్యాకెట్ వెనక పొటాషియం క్లోరైడ్ అని కనిపిస్తే వెనక్కి ఇచ్చేయండి.

మరి ఏ ఉప్పు మేలు? మామూలు అయోడిన్ ఉప్పే, తక్కువగా. మనిషికి రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీ చెంచా, అంతకు మించకూడదు. దీన్ని తూచుకుంటూ వండలేం కాబట్టి నేనొక లెక్క పెట్టుకున్నా. మేం నలుగురం. రోజుకు 20 గ్రాములైతే కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలి. లెక్క మొదలుపెట్టినప్పుడు 28 రోజులకే అయిపోయింది! అదీ ఊరగాయ, అప్పడం, చల్ల మిరపకాయలు కలపకుండానే. ఇప్పుడు 45 రోజులు వస్తోంది. రాళ్లున్న మా ఆయనకు కూడా ఇది మేలే, ఉప్పు ఎక్కువైతే మూత్రంలోకి క్యాల్షియం ఎక్కువ దిగుతుంది. పోపులో తెల్లగడ్డ, మిరియాలు, కరివేపాకు పెంచాక ఇంట్లో ఎవరూ ఉప్పు అడగడం లేదు.

పులుసులో చేప, ఎండు చేప, పప్పు

నెల్లూరులో ఉండి చేపల పులుసు మానేయమంటే మామయ్య అన్నమే మానేస్తారు. అందుకే దీని మీద ఎక్కువ సేపు కూర్చున్నాను. డయాలసిస్ దాకా రాని కిడ్నీ జబ్బుకు ప్రోటీన్ కిలో బరువుకు రోజుకు 0.8 గ్రాములు. మామయ్య 60 కిలోలు, అంటే 48 గ్రాములు. రోజుకు 250 గ్రాముల బియ్యం తింటే అందులోనే 17, 18 గ్రాములు వచ్చేస్తుంది. మన లెక్కల్లో ఎవరూ చేర్చుకోని సంగతి ఇది. గుప్పెడు కందిపప్పు, 30 గ్రాములు, దాంతో దాదాపు 7. ఒక గ్లాసు పాలు 6. ఇక మిగిలింది ఒక మోస్తరు చేప ముక్క, 80 గ్రాములది, 15 గ్రాములు. అక్కడికి సరిపోయింది. కాబట్టి ప్రశ్న పప్పా చేపా అని కాదు, రెండో ముక్క వేయాలా అని. వేయకూడదు. ఆదివారం వేట మాంసం చేస్తే ఆ రోజు చేప లేదు.

పులుసులో నిమ్మకాయంత చింతపండు నలుగురికి వేస్తే మనిషికి 60 మిల్లీగ్రాముల పొటాషియం వస్తుంది, భయం లేదు. పైగా పుల్ల మామిడికాయ ముక్కలు, చింతపండు కలిసి ఉప్పు లోటును కనబడనివ్వవు. ఇదివరకు వేసే ఉప్పులో మూడో వంతు తగ్గించి మరుసటి రోజు దాకా ఊరనిచ్చాను. "బాగుందమ్మా" అన్నారు, ఉప్పు మాట ఎత్తలేదు.

ఎండు చేప వేరే సంగతి. ఉప్పులో ఊరబెట్టి ఎండబెట్టింది ఎంత నానబెట్టినా ఉప్పంతా పోదు. ఎండు నెత్తళ్లయితే ముళ్లతో సహా నమిలేస్తాం, ఆ ముళ్లలో ఫాస్ఫరస్. మామయ్యకు అది లేదు. మా ఆయన నెలకోసారి తింటాడు. రొయ్యల్లో నాటు రొయ్యా, చెరువు రొయ్యా అని అడగడం కన్నా, పచ్చివా, ప్యాకెట్‌వా అని చూడండి. గడ్డకట్టించిన రొయ్యలకు నీరు పట్టి ఉండేలా ఫాస్ఫేట్లు కలిపే వాడుక ఉంది. ప్యాకెట్ మీద 451, 452 అంకెలు అవే. పప్పుల్లో ఉన్న ఫాస్ఫరస్ సగం కూడా ఒంటికి పట్టదు, కలిపిన ఫాస్ఫేట్ మాత్రం దాదాపు పూర్తిగా పడుతుంది. నల్ల కూల్‌డ్రింకుల్లో ఉన్నదీ ఈ జాతిదే.

డయాలసిస్ మొదలైతే ఈ లెక్క తిరగబడుతుంది. అప్పుడు కిలోకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ కావాలి, ఎందుకంటే డయాలసిస్‌లో కొంత పోతుంది. మా వీధిలో ఒక అక్క వారానికి మూడుసార్లు వెళ్లొస్తూ కూడా చేప, గుడ్డు ముట్టకుండా చప్పటి అన్నం తిని కండ కరిగి చిక్కిపోయింది. పాత పథ్యం ఎవరూ విప్పలేదు ఆమెకు. ఇలాంటివాళ్లు మీ ఇంట్లో ఉంటే ఈ మాట వాళ్ల డాక్టరుతో తప్పక ఎత్తండి.

అన్నం, సజ్జలు

సజ్జల్లో, కొర్రల్లో పొటాషియం, ఫాస్ఫరస్ తెల్లన్నం కన్నా ఎక్కువే. అయితే పీచు కూడా ఎక్కువ, షుగరుకు అది మంచిది. మామయ్య చిన్నప్పటి నుంచి సజ్జరొట్టె తిన్న మనిషి. రక్తంలో ఫాస్ఫరస్ మామూలుగా ఉన్నంతకాలం వారానికి రెండు పూటలు ఇవ్వమన్నారు డాక్టరమ్మ, ఇస్తున్నాను. పొటాషియం పెరిగిన నెలలో గంజి వార్చిన అన్నమే. ఉర్లగడ్డ, కందగడ్డ ఆ నెలలో వండాల్సి వస్తే తొక్క తీసి చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తాను. రోజువారీకి సొరకాయ, బీరకాయ, పొట్లకాయ.

బోరు నీళ్లు, ఆర్వో నీళ్లు

మామయ్య ఊరి సంగతి చెప్పకపోతే ఇది పూర్తి కాదు. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడక ముందు నెల్లూరు జిల్లాలోవే. ఆ కాలపు నెల్లూరు జిల్లా నుంచే 1937లో ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఎముకల జబ్బును మన దేశంలో మొదటిసారి వైద్య పత్రికలో నమోదు చేశారు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, గతి లేకపోతే 1.5 దాకా. ఒంట్లో చేరిన ఫ్లోరైడ్‌ను బయటికి పంపేది కిడ్నీయే కాబట్టి, అది బలహీనపడ్డవాళ్లలో ఎముకల్లో మరింత పేరుకుంటుంది. కాచితే పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఆ ప్రాంతంలో ఆర్వో నీళ్లే మేలు, తాగడానికే కాదు, అన్నం, పప్పు వండటానికి కూడా. అలాగే కీళ్ల నొప్పులకు అంగట్లో అడిగి వేసుకునే నొప్పి బిళ్లలు కిడ్నీని నేరుగా దెబ్బతీస్తాయి. మామయ్య ఏళ్ల తరబడి వేసుకున్నారు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు తరుక్కుపోతుంది.

పండ్ల దగ్గర గొడవ తక్కువ. జామ, అరటి, దానిమ్మ మామయ్యకు పక్కన పెట్టాను. ఆపిల్, అనాస, బొప్పాయి ముక్కలు కొలతతో. బంధువులు మొన్న ఉలవపాడు మామిడి పంపారు, రెండు బుట్టలు. 100 గ్రాముల్లో పొటాషియం 170 చిల్లర, షుగరు వేరే. ఒక చెంప, అదీ మధ్యాహ్నం అన్నం తగ్గించిన రోజున, అని చెప్పాను. ఆయన ఆ చెంపను పదహారు ముక్కలు చేసుకుని అరగంట సేపు తిన్నారు. వచ్చే నెల 12న మళ్లీ రక్తపరీక్ష.